తోక తెగిన లింకు

బంద్ రోజు షట్టర్ సగం దించుకుని కూర్చున్నాను. తొర్రూరు బజార్లో మనిషి అలికిడి లేదు. నేనూ తెలంగాణ కావాలనేదాన్నే, నిన్నటి ర్యాలీలో గొంతు పోగొట్టుకున్నదాన్నే. కానీ నర్సింగ్ కాలేజీలు ఎంచుకునే గడువు ఈ సాయంత్రం ఐదింటితో అయిపోతుంది. తండాల నుంచి ఎవరైనా ఆఖరి నిమిషంలో పరుగెత్తుకొస్తారని నెట్ సెంటర్ తెరిచాను.

నాలుగుంబావుకు లాలి వచ్చింది. బస్సుల్లేక తండా నుంచి నడిచే వచ్చింది. ఆమె పని నిన్ననే ముగించి పంపాను.

"సుమనక్కా, నువ్విచ్చిన కాయిదంల నా పేరు లేదు. మనోరమ అని ఉన్నది."

"గట్లెందుకుంటది? చూపియ్యి," అని విసుక్కున్నాను. కాగితం లాక్కుని చూస్తే నిజంగానే మనోరమ పేరుంది.

మా సెంటర్లో కంప్యూటర్లు ఐదు, నెట్ లైన్ ఒక్కటే. అదీ నత్తనడక. అందుకే ముందున్న కంప్యూటర్‌ను మిగతావన్నీ నెట్‌లోకి దాటే వాకిలిలా, గేట్‌వే చేసి నేనే ఒక ప్రోగ్రాం రాశాను. వచ్చిన ప్రతి పేజీలోని లింకులన్నీ అది తిరగరాస్తుంది. ఏది నొక్కినా ముందు గేట్‌వే దగ్గరికే రావాలి. ఆ పేజీ అక్కడ దాచి ఉంటే బయటికి పోకుండా అదే ఇచ్చేస్తుంది. ఇంకా వేగం కావాలని మొన్న, దాచిన పేజీలతో పోల్చేటప్పుడు లింకుల్లో ప్రశ్నార్థకం తర్వాత ఉండే తోకను కత్తిరించేలా మార్చాను. చెత్త అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ లింకు ఎవరిదో చెప్పే హాల్‌టికెట్ నంబర్ ఉండేది ఆ తోకలోనే!

నిన్న పొద్దున అందరికంటే ముందు మనోరమ 'ఖరారు' లింకు నొక్కింది. 'మీ ఎంపికలు ఖరారయ్యాయి' అన్న పేజీ వచ్చింది. గేట్‌వే దాన్ని దాచుకుని, తర్వాత వచ్చిన ఏడుగురికీ అదే చూపించింది. వాళ్ల ఖరారు అసలు తొర్రూరు దాటలేదు. ప్రింటు మీద పేరైనా చూడకుండా మడిచి, "అయిపోయింది, పోండ్రి" అన్నది నేనే. అక్క చెప్పింది కదా అని వాళ్లూ చూసుకోలేదు.

"నా సీటు పోయిందా అక్కా? మా బాపుకు అయిపోయిందనే చెప్పిన."

"పోలే. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ నాడిచ్చిన పాస్‌వర్డ్ చీటీ ఉన్నదా?"

లాలి చున్నీ కొసకు కట్టిన ముడి విప్పింది. ప్రోగ్రాం ఆపేసి గేట్‌వే కంప్యూటర్ ముందే కూర్చున్నాను. కంగారులో పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాను. ఇంతలో నినాదాలు దగ్గరికొచ్చాయి. ఎవరో షట్టర్ మీద దబదబ బాదారు.

"బంద్ నాడు దుకాణం తెరిచెటోళ్లు ఎవర్రా?"

నిన్న నా పక్కన నడిచినవాళ్ల గొంతులే. కాసేపటికి వాళ్లు ముందుకు పోయారు. నాలుగు నలభైకి లాలి పేరుతో పేజీ వచ్చింది. ఈసారి ప్రతి అక్షరం చదివాను. ఇంకో ఆరుగురికీ ఇలాగే అయిందని లాలికి చెప్పాను.

"మిగిలిన ఆరుగురికి ఫోన్ చెయ్యక్కా. చీటీల ఏమున్నదో ఫోన్ల చెప్తే నువ్వే కొడ్తవు గదా," అంది లాలి.

ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. వాళ్ల దరఖాస్తుల నకళ్లు బయటికి లాగాను. మొదటిదాంట్లో మొబైల్ నంబర్ చూసి నొక్కబోయి ఆగిపోయాను. రెండోది తిప్పాను. మూడోది తిప్పాను.

"ఏమైందక్కా? చెయ్యి!"

ఇళ్లల్లో ఫోన్లు లేవంటే, సీటొచ్చిన కబురు నేనే చెప్తానని, ఆరుగురికీ నా నంబరే రాశాను.