ఏడో చెట్టు వెదురు

ఏడో కొబ్బరిచెట్టు మట్టల మధ్య నిలబడి మెలితోన్ ఎదుటి వెదురును మడమతో తట్టి చూశాడు. నిన్న టక్కుమంది. ఈ రోజు బొద్దింక నలిగినట్టు చిన్న చప్పుడు చేసింది.

నేల నలభై అడుగుల కింద ఉంది. చెట్టు నుంచి చెట్టుకి వంతెనగా కట్టిన రెండేసి వెదుళ్ళు, కాలికి ఒకటి, చేతికి ఒకటి. కల్లు గీసేవాడు ఒకసారి పైకెక్కితే తోటంతా తిరిగాకే దిగుతాడు. ఏడుకీ ఎనిమిదికీ మధ్య కాలి వెదురు కణుపు దగ్గర చీలింది. మెలితోన్ బరువంతా చేతుల మీద వేసి, పక్కకి జరుగుతూ దాటాడు. వీపున బొంగులో కల్లు అటూ ఇటూ కొట్టుకుంది.

అతనికి అరవై మూడేళ్ళు. పాదాలు చెప్పులెరగవు. బొటనవేళ్ళు పక్కకి తిరిగిపోయి, చేతివేళ్ళలాగే పట్టుకుంటాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారే పడ్డాడు, అదీ నేలమీద, తన పెళ్ళిలో.

కొత్త వెదురు ఇంటి గోడకి ఆనించి ఉంది. పురుగు పట్టకుండా నెలరోజులు ఉప్పునీటి కయ్యలో నానబెట్టి ఆరబెట్టాడు. మధ్యాహ్నం బావమరిది తెబాన్ వస్తే ఇద్దరూ కలిసి పైకి లాగి కట్టాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

దిగి, కల్లు పీపాలో పోసి, అగ్గిపెట్టె కోసం మిలింగ్ కొట్టుకి వెళ్ళాడు.

"కొనడానికా, అరువుకా?" అంది మిలింగ్. "అరువుకైతే ఇవాళ నేను ఇంట్లో లేను, అన్నా."

"నేనెప్పుడడిగాను?"

"అదీ నిజమే. నువ్వు అడగవు, ఇవ్వవు."

డిసెంబరు ఇరవై ఎనిమిది. పసికందు ఏసు కోసం వెతికిస్తూ హేరోదు రాజు పసిబిడ్డలను చంపించిన రోజు. జనం దాన్ని నవ్వులాటగా మార్చుకున్నారు. ఆ రోజు అరువిచ్చినది తిరిగి రాదు. ఇచ్చి మోసపోయినవాడు నవ్వాలి, అడగకూడదు. మెలితోన్ ఆ రోజు ఎవరికీ సూది కూడా ఇవ్వడు.

భార్యకీ ఇవ్వలేదు. తొమ్మిదేళ్ళ కిందట ఇదే రోజు బసిలిసా వాగు అవతల చెల్లెలి కాన్పుకి వెళుతూ అతని వానకోటు అడిగింది. "ఇవాళా? ఇస్తే మళ్ళీ వస్తుందా?" అన్నాడు. హాస్యానికే అన్నాడు. కానీ కోటు ఇవ్వలేదు. ఆమె అరటాకు కప్పుకుని వెళ్ళింది. జనవరి ఆరున వచ్చే ముగ్గురు రాజుల పండుగ రాకముందే ఊపిరితిత్తుల జ్వరంతో పోయింది. కోటు మేకుకే ఉంది. అతను మళ్ళీ తొడగలేదు.

పొద్దెక్కాక తెబాన్ వచ్చాడు. వెంట ఇద్దరు.

"బావా, ఆ వెదురు ఇవ్వు. కొత్త సంవత్సరానికి కిరసనాయిలు పోసి పేల్చే ఫిరంగి చేసుకుంటాం."

"అది చెట్టుకి కట్టాల్సింది."

"తెలుసు."

"ఇవాళ ఏ రోజో తెలుసా?"

"తెలిసే అడుగుతున్నా. అయినా నువ్విస్తావా! మా అక్కకే కోటు ఇవ్వనివాడివి."

వెంట వచ్చినవాళ్ళు నవ్వారు. మెలితోన్ నవ్వలేదు. వెదురు మీద అరచెయ్యి వేసి, దాన్ని తెబాన్ వైపు తోశాడు.

"తీసుకుపో."

తెబాన్ నవ్వు తడబడింది. ఇస్తాడని అతను అనుకోలేదు. ఇప్పుడు వద్దంటే వెనకవాళ్ళ ముందు చులకనవుతాడు. భుజాన వేసుకున్నాడు.

"వెనక్కి అడగకూడదు మరి!"

"అడగను."

మధ్యాహ్నం చల్లన్నంలో ఎండుచేప నంజుకుని తిన్నాడు. కట్టడానికి ఇక వెదురు లేదు. తెబాన్ కోసం ఎదురు చూడలేదు. నాలుగింటికి సముద్రం వైపు నుంచి గాలి లేచి, వాన మొదలైంది. అతను కొడవలి నూరాడు. మేకునున్న కోటు తీసి దులిపాడు. బల్లిగుడ్లు రెండు రాలి పగిలాయి. కోటు మళ్ళీ మేకుకి తగిలించి, ఒంటి చొక్కాతో బయలుదేరాడు.

"ఈ వానలో ఎక్కుతావా?" మిలింగ్ కొట్టులోంచి కేకేసింది. "ఒక్క పూట మానుకోరాదూ?"

"ఒక్క పూట గీయకపోతే గెల ఎండిపోతుంది."

"ఎండనీ!"

అతను చెయ్యి ఊపి చెట్టెక్కాడు. ఒక్కో గెలా పలచగా గీస్తూ, వంతెనలు దాటుతూ ఏడో చెట్టుకి చేరాడు. మట్టల మధ్య నిలబడి, వెదురును మడమతో తట్టాడు. వానలో ఏమీ వినిపించలేదు. మళ్ళీ తట్టాడు.

కొట్టులో మిలింగ్‌కి ఢామ్మని ఒక చప్పుడు వినిపించింది. ఎవరో అప్పుడే ఫిరంగి పేల్చి చూస్తున్నారనుకుంది.

సందె వెలుగు ఇంకా ఉండగానే తెబాన్ వచ్చాడు. భుజాన వెదురు. ఒక్క గాటు కూడా పెట్టలేదు. కొసన క్రిస్మస్‌కి కట్టిన ఎర్రకాగితపు నక్షత్రం ఒకటి వేలాడదీశాడు.

"బావా! మోసపోయావు కదూ? రా, వాన తగ్గగానే కట్టేద్దాం!"

ఇంట్లోంచి జవాబు రాలేదు. వెదురును తీసిన చోటనే గోడకి ఆనించి, పిలుస్తూ తోటలోకి వెళ్ళాడు. మొదట గడ్డిలో కొడవలి కనిపించింది. ఆ తర్వాత తెబాన్ కేక మిలింగ్ కొట్టు దాకా వినిపించింది.

ఆ ఏడు ఊళ్ళో ఎవరూ ఫిరంగి పేల్చలేదు. వెదురును ఎవరూ ముట్టుకోలేదు. నక్షత్రం ఎర్రరంగు వానకి కరిగి, వెదురు పొడుగునా కారి, కణుపు కణుపు దగ్గరా ఆగి, కిందికి దిగింది.