అమ్మ ఎడమ చెయ్యి

మడతఫోన్ కొనిస్తానంటే అమ్మ నన్ను తెగ వెక్కిరించింది. ఇది పౌడరు డబ్బానా, అద్దమేది అని చేతులు తిప్పి మరీ అడిగింది. అమ్మకు పుట్టినప్పటి నుంచీ వినబడదు. మా ఇంట్లో మాటలన్నీ చేతులతోనే. పాత ఫోన్‌ ఉన్నప్పుడు దాన్ని ఎడమ చేత్తో పట్టుకుని కుడి చేత్తోనే మాట్లాడేది. సగం మాటలు నేనే ఊహించుకునేదాన్ని. ఇదైతే సగం మడిచి బల్ల మీద పెడితే దానంతటదే నిలబడుతుంది, రెండు చేతులూ ఖాళీ. పంతం పట్టి కొన్నాను.

ఆ మధ్యాహ్నం తేజాన్ నగరంలో నేను పనిచేసే కళ్లజోళ్ల దుకాణంలో అన్నం తింటూ వీడియో కాల్ చేశాను. దూరాన గున్సాన్‌లో, మా ఇంట్లో, అమ్మ ముల్లంగి తరగడం ఆపి, కింది వాటా ఓక్‌బున్ గారి మీద చాడీలు మొదలుపెట్టింది. ఆవిడ మా కిమ్చీ పచ్చడి డబ్బా పట్టుకెళ్లి నెలైందట. డబ్బా అనడానికి రెండు చేతులూ కావాలి. అమ్మకు కుడి చెయ్యి ఒక్కటే లేచింది.

పాత అలవాటు కదా, ఆ సగం మాట నాకు ఇట్టే అర్థమైపోయింది, నవ్వాను కూడా. ఆ తర్వాత తింటున్నది ఆపి తెరలోకి చూశాను. ఫోన్ బల్ల మీదే ఉంది. మరి ఎడమ చెయ్యేది?

"అమ్మా, ఎడమ చెయ్యెత్తు."

"తిమ్మిరెక్కిందే. కాసేపు పడుకుంటే పోతుంది. ఉంటా మరి."

మూసెయ్యడానికి కుడి చెయ్యి ఫోన్ మీదికి వచ్చింది. మూస్తే కాల్ తెగిపోతుంది. ఆ తర్వాత తలుపు బాదినా, గొంతు చించుకున్నా ఆమెకు తెలియదు.

"మూయకమ్మా. నీ కాళ్లు పట్టుకుంటా, మూయకు."

చెయ్యి ఆగింది. నోరు ఒక పక్కకు జారడం అప్పుడే చూశాను. సాయానికి కేక పెట్టాను. మా యజమాని తన ఫోన్‌లో అంబులెన్సు కోసం 119కి కలిపి నా చెవి దగ్గర పట్టుకున్నాడు. ఇంటి తలుపుకున్న అంకెల తాళం నంబరు నోటితో చెబుతూ, మనుషులొస్తున్నారు, కదలకు అని చేతులతో అమ్మకు చెబుతూనే ఉన్నాను.

అంబులెన్సులో వచ్చినతను వంగి ఆమె చెవిలో "అమ్మగారూ" అని అరిచాడు. ఆవిడకి వినబడదు బాబూ, నేను చెబుతా అని ఫోన్‌లోంచి కేకేశాను. రెండు చేతులూ ఎత్తమన్నాడు. నేను చెప్పాను. ఒకటే లేచింది. ఇక వాళ్లు ఆలస్యం చెయ్యలేదు. ఆమెను స్ట్రెచర్ మీదికి ఎక్కించారు. పాపం, మంచికేననుకుని అతను ఫోన్ మూసి ఆమె జేబులో పెట్టాడు.

తెర నల్లబడింది. ఇప్పుడు చుట్టూ ముక్కూమొహం తెలియనివాళ్లు, ఏం చేస్తున్నారో ఆమెకు చెప్పేవాళ్లు లేరు. తొందరలో తప్పు మీట నొక్కాను, మళ్లీ నొక్కాను. ఏడో కాల్‌కి బొమ్మ వచ్చింది.

అంబులెన్సు. అతను ఫోన్‌ను సగం తెరిచి ఆమె పొట్ట మీద నిలబెట్టాడు. ఊపిరి తీసినప్పుడల్లా అమ్మ మొహం తెరలో పైకీ కిందికీ ఊగుతోంది.

"ఎక్కడికే?"

"ఆసుపత్రికి."

"భయమేస్తోంది" అంది కుడి చేత్తో. నా ముప్పై నాలుగేళ్లలో ఆమె ఆ మాటనడం నేను చూడలేదు. ధైర్యం చెప్పాలనుకున్నాను. నా రెండు చేతులూ "నాకూ" అనేశాయి.

ఆమె నన్నే చూస్తోంది. ఫోన్ లేచింది, దిగింది, లేచింది. నేను చేతులు దించలేదు.