అమ్మకు రాసిన ఉత్తరం, నాలుగు మార్కులు

పేపర్లు దిద్దే హాల్లో చరిత్ర టీచరమ్మను అందరూ వెనకాల ‘సున్నా మేడం’ అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసీ పట్టించుకోదు, ఎందుకంటే అనేవాళ్ల తెలివి మీద ఆవిడకు ఏమంత గౌరవం లేదు.

ఈసారి ఏడో ప్రశ్న చూస్తేనే ఆవిడకు ఒళ్లు మండుతోంది. ప్రశ్నపత్రంలో యుద్ధకాలం నాటి ఉత్తరం ఒకటి ఫొటో వేశారు. ఒక సైనికుడు తల్లికి రాసింది: “ఇక్కడ తిండి బాగుంది. చలి లేదు. నా గురించి దిగులు పెట్టుకోకు.” ఇది ఎంతవరకు నమ్మదగినదో చర్చించమన్నారు. నాలుగు మార్కులు.

పైనుంచి వచ్చే జవాబుల పత్రాన్ని అక్కడ ‘కీ’ అంటారు. కీలో ఉన్నది ఒకటే వాక్యం: కన్నతల్లికి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఉండదు కనుక పూర్తిగా నమ్మదగినది. అలా రాస్తే నాలుగు, లేకపోతే సున్నా.

తల్లికి అబద్ధం చెప్పని కొడుకట! ఆ కీ రాసిన మహానుభావుడు ఆకాశం నుంచి ఊడిపడి ఉండాలి, అమ్మ కడుపున పుట్టినవాడైతే ఆ మాట రాయడు.

ముప్పై తొమ్మిది పేపర్లు ఆ వాక్యాన్నే చిలకల్లా అప్పజెప్పాయి. ఒకడైతే “సైనికుడు స్వయంగా తిన్నాడు కనుక తిండి బాగుందని రుజువైంది” అని రాసి కింద గీత కూడా గీశాడు. ఆవిడ పళ్లు నూరుకుంటూ దానికీ నాలుగు వేసింది.

నలభయ్యో పేపరులో మాత్రం ఇలా ఉంది: “ఉత్తరం మూలన ‘తనిఖీ అయింది’ అని సైన్యం ముద్ర ఉంది. అంటే అమ్మకన్నా ముందు అధికారి చదివాడు. అది తెలిసే ఇతను రాశాడు. కాబట్టి తిండి సంగతి నమ్మలేం. అమ్మ దిగులు పడుతుందని ఇతనికి భయం ఉందన్నది మాత్రం నమ్మవచ్చు.”

ఆవిడ గబగబా ప్రశ్నపత్రం తీసి చూసింది. ముద్ర ఉంది. కీ రాసినవాడు చూడలేదు, అచ్చు వేసినవాడు చూడలేదు, రెండు రోజులుగా దిద్దుతున్న తనూ చూడలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. మిగతా మార్కులు కూడితే ముప్పై ఒకటి వచ్చాయి. పాసవ్వాలంటే ముప్పై అయిదు కావాలి.

పేపరు పట్టుకుని, హాల్లో దిద్దేవాళ్లందరి మీదా అజమాయిషీ చేసే చీఫ్ దగ్గరికి వెళ్లింది. ఆయన చరిత్ర చదివింది ఏనాడో, ఇప్పుడు కట్టలు లెక్కపెట్టడమే పని.

“ఈ ముద్ర చూడండి సార్.”

“కీలో ముద్ర ఉందా మేడం?”

“కీలో లేదు సార్. ఉత్తరం మీద ఉంది.”

“మరి మనం దిద్దేది కీని బట్టా, ఉత్తరాన్ని బట్టా?” ఆయన జాలిగా నవ్వాడు. “కీ తప్పంటే అన్ని కట్టలూ మళ్లీ విప్పాలి. మీరు విప్పుతారా? సున్నా వేసేయండి. మీకు అలవాటేగా.”

పక్క బల్లల వాళ్లు కిసుక్కున నవ్వారు.

ఆవిడ వెనక్కి వచ్చి కూర్చుని, నాలుగు వేసింది. తర్వాత కట్ట మీద అంటించే కాగితం తీసింది: “ఈ కట్టలోని పేపర్లన్నీ కీ ప్రకారమే దిద్దానని ధ్రువీకరిస్తున్నాను.” సంతకం లేకపోతే కట్ట కదలదు. ఉంటే ఎవరూ విప్పి చూడరు. అధికారిక కాగితాలను గుడ్డిగా నమ్మొద్దని ఇరవై ఏళ్లుగా పిల్లలకు నూరిపోసిన మనిషి, అక్షరం వంకర పోకుండా సంతకం పెట్టింది.

చీఫ్ సంతకం ఒక్కటే చూసి కట్టను అవతల పెట్టాడు. “చూశారా మేడం, కీ పట్టుకుని పోతే ఎంత సుఖమో!”

“చాలా సుఖం సార్,” అంది. తనూ గడ్డి తిన్నానని ఆవిడకు తెలుసు. తినకపోతే చిలకలన్నీ పాసై, ఉత్తరం చూసిన ఒక్క మనిషీ తప్పేది.