ఉలవ తెచ్చిన బంతి

పొద్దున ఏడింటికి మొదలుపెడతామన్న పందెం పదకొండైనా మొదలు కాలేదు. ముఖ్య అతిథి ఇంకా చిలకలూరిపేట దాటలేదట. వేదిక మీద కుర్చీలకు తెల్లగుడ్డలు కట్టారు, దండలు తెప్పించారు, శాలువాలు మడతపెట్టి పళ్లెంలో పేర్చారు. పరిగెత్తాల్సిన కుక్కలకు మాత్రం ఇంత నీడ ఏర్పాటు చేయాలని ఒక్కరికీ తోచలేదు. జయకుమారి తన చున్నీని నీళ్లలో తడిపి ఉలవ వీపు మీద కప్పి, వేదిక వైపు గుర్రుగా చూస్తూ నిలబడింది.

జయకుమారి పొన్నూరులో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరు. ఉలవ ఆమె కుక్క. జాతీ లేదు, కాగితమూ లేదు, బడి ప్రహరీ పక్కన దొరికిన ఊరకుక్క. ఉలవల రంగులో ఉందని ఆ పేరు పెట్టింది. ఎక్కడికెళ్లినా దాన్ని స్కూటీ ముందు నిలబెట్టుకుని వెళ్తుంటే, పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు ఏంటే ఇది అని అక్కచెల్లెళ్లు నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు. ఫ్లైబాల్ ఆటలో ఉలవను మించిన కుక్క గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో లేదని జయకుమారికి తెలుసు. ఆ సంగతి ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియకపోవడమే ఆమె బాధ.

ఫ్లైబాల్ అంటే కుక్కల రిలే పందెం. జట్టుకు నాలుగు కుక్కలు. కుక్క వరసగా నాలుగు అడ్డుకర్రలు దూకుకుంటూ వెళ్లి, చివర ఉన్న పెట్టె పలకను కాళ్లతో తన్నాలి. లోపలి స్ప్రింగు బంతిని విసురుతుంది. దాన్ని నోటితో అందుకుని మళ్లీ అవే కర్రలు దూకుతూ వెనక్కి రావాలి. అది గీత దాటాకే తర్వాతి కుక్క బయల్దేరాలి. బంతి మధ్యలో వదిలేస్తే ఆ పరుగు పోయినట్టే.

ఏటా మిర్చి సీజన్లో కుక్కల క్లబ్బు ఈ పందెం పెట్టి, అన్నిటికన్నా బాగా ఆడిన కుక్కకు ‘మేటి శునకం’ బిరుదు ఇస్తుంది. దాని ఫోటో పెద్దది చేయించి క్లబ్బు గోడకు తగిలిస్తారు. ఆ గోడ నిండా లాబ్రడార్లు, షెపర్డులు నాలుకలు చాపుకుని కూర్చుని ఉంటాయి. ఉలవ మొదటిసారి వచ్చినప్పుడు వాన పడి పందెం ఆగిపోయింది. తర్వాతి ఏడాది ఉలవ జట్టులోని లాబ్రడార్ ఎవరో తింటున్న పునుగుల కోసం గీత దాటి పోయింది. కిందటేడు ఉలవే ముందు వచ్చినా, క్రమశిక్షణకు గాను అంటూ బిరుదును క్లబ్బు అధ్యక్షుడు చెంచురామయ్య గారి షెపర్డుకే ఇచ్చుకున్నారు. క్రమశిక్షణ ఏమిటంటే, సభ జరిగినంత సేపూ అది నిద్రపోయింది.

ఇప్పుడు ఉలవ తుంటి కీళ్లు అరిగాయి. ఈ సీజన్ అయ్యాక దూకుళ్లు మాన్పించమని పశువుల డాక్టరు చెప్పేశాడు. అంటే ఆ గోడ మీదికి ఎక్కితే ఈ రోజే ఎక్కాలి, లేకపోతే ఇక లేదు.

పందెం పెట్టింది గుంటూరులో చెంచురామయ్య గారి కోల్డ్ స్టోరేజీ ఆవరణలోనే. ఒక పక్క మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, నింపిన లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. గాలి తిరిగినప్పుడల్లా జనం తుమ్ముతున్నారు, తుమ్మి మళ్లీ మాట్లాడుకుంటున్నారు. ఆ ఊళ్లో మార్చి నెలలో తుమ్ముకు ఎవరూ తల తిప్పరు. గుమస్తా ఒకడు కొత్త బంతులను గోతంలో మోసుకొచ్చి పెట్టె పక్కన దించి పోయాడు.

ముఖ్య అతిథి పన్నెండుకు దిగారు. మిర్చి ధర గురించి, బైపాస్ రోడ్డు గురించి, చెంచురామయ్య గారి విశాల హృదయం గురించి మాట్లాడారు. చెంచురామయ్య గారు అతిథి గారి విశాల హృదయం గురించి మాట్లాడారు. ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. కుక్క అన్న మాట ఆ మైకులో పలకకూడదని ఒట్టు పెట్టుకున్నట్టుంది. జయకుమారి రెండుసార్లు వేదిక దగ్గరకు వెళ్లి, అయ్యా ఎండ ముదురుతోంది అని చెప్పి చూసింది.

“అయిపోయిద్ది టీచరమ్మా, అయిపోయిద్ది,” అన్నారు చెంచురామయ్య గారు మైకు చేత్తో మూసి. “పెద్దాయన మళ్లీ రమ్మంటే వస్తాడా?”

ఆమె విసురుగా వెనక్కి వచ్చి ఉలవకు నీళ్లు పట్టింది.

చివరికి పందెం మొదలైంది. మొదటి జట్టులో అధ్యక్షుల వారి షెపర్డు బయల్దేరింది. పలక తన్నింది, బంతి అందుకుంది, రెండడుగులు వేసి బంతిని ఉమ్మేసింది. తల విదిలించి, తుమ్మి, నేరుగా నీళ్ల తొట్టి దగ్గరకు పోయింది. జనం గొల్లుమన్నారు. దాని వెనక కుక్క కూడా అంతే. అవతలి జట్టులోదీ అంతే. ఒకటి బంతిని కాలితో తోసి మొరిగింది. ఎండ దెబ్బ అని ఒకరు, గారాబం ఎక్కువై ఇట్లా తయారయ్యాయని ఇంకొకరు. యజమానులు పరువు పోయిందని గొలుసులు పట్టి గుంజుతున్నారు.

జయకుమారి మనసులో పొంగిపోయింది. ఆ సంతోషం మంచిది కాదని తెలిసినా పొంగిపోయింది. ఎవరూ సరిగా ఆడకపోవడంతో, ఒక్కో కుక్కకు మూడు పరుగులు ఇచ్చి, బంతితో గీత దాటిన కుక్కల వరకే లెక్కపెట్టి బిరుదు ఇస్తామని మైకులో చెప్పారు.

ఉలవ వంతు వచ్చింది. కుంటు ఉన్న సంగతి చూసేవాళ్లకు తెలియనంత ఒడుపుగా కర్రలు దూకింది. పలక తన్ని బంతి పట్టుకుంది. పట్టుకుని ఆగిపోయింది. నోరు సగం తెరిచి, తల ఒక పక్కకు వంచి, అంత దూరం నుంచి జయకుమారి వైపు చూసింది.

“తే,” అని అరిచింది జయకుమారి. “ఉలవా, తే!”

ఉలవ నోరు మూసి బంతి గట్టిగా కరుచుకుని వచ్చేసింది. చొంగ తీగలు తీగలుగా కారుతోంది. జయకుమారికి దాని మీదపడి ముద్దు పెట్టుకోవాలనిపించింది గానీ ఇంకో రెండు పరుగులు ఉన్నాయి. రెండోసారి అది పెట్టె దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు ఆగింది. ఆమె ఇంకాస్త గట్టిగా అరిచింది.

పెట్టెలో బంతులు వేసే షఫీక్ లేచి నిలబడ్డాడు. ఆ పెట్టెను వెల్డింగ్ చేసింది అతనే. “అక్కా, దీని కళ్లెంబడి నీళ్లు కారతన్నయ్యి. ఒకసారి చూసుకో.”

“దుమ్ము పడుంటదిలే. నువ్వు బంతి పెట్టు షఫీక్.”

“దుమ్ము కాదేమో అక్కా.”

“ఇంకొక్క పరుగు. పెట్టమంటున్నానా?” ఆమెకు అతని మీద ఒళ్లు మండింది. ఇన్నేళ్లకు నోటి దాకా వచ్చిన కూడును కాలదన్నుకోమంటాడా?

మూడోసారి ఉలవ బంతిని నేల మీద పెట్టింది. జయకుమారి గీత మీద మోకాళ్ల మీద కూర్చుని, పిల్లలను మందలించే గొంతుతో “తే” అంది. ఉలవ ఒక్క క్షణం ఆమెను చూసి, బంతిని మళ్లీ నోట కరుచుకుని, కర్రలన్నీ దూకి వచ్చింది. చప్పట్లతో లారీల మీది పావురాలు లేచాయి. ఈ ఏటి మేటి శునకం పొన్నూరు ఉలవ అని మైకు అరిచింది.

జయకుమారి ఏడ్చేసింది. ఉలవను కావలించుకుని, దాని నోట్లోంచి బంతి తీసి, చొంగను అరచేత్తో తుడిచింది. అదే చేత్తో తన కళ్లు తుడుచుకుంది.

నిప్పు పెట్టినట్టయింది. ఆ మంట ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. చిన్నప్పటి నుంచి మిర్చి తొడిమలు తీసిన చేతులవి. ఒంటి కన్నుతో వెళ్లి గోతాన్ని తిరగేసింది. లోపల అడుగున ఎర్రటి కారప్పొడి, ఎండుగింజలు ఇంతెత్తున ఉన్నాయి.

గోతం పట్టుకుని వేదిక ఎక్కింది. “బంతులు మిర్చి గోతంలో వేసి తెచ్చారా?”

చెంచురామయ్య గారు గోతాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశారు. తప్పు చేసిన మొహం కాదు, ప్రశ్న అర్థం కాని మొహం. “మరి దేంట్లో తెస్తారమ్మా? ఈ గుంటూర్లో కారం అంటని గోతం యాడ దొరుకుద్ది?”

“నోళ్లు కాలిపోయినయ్యండీ. అందుకే ఉమ్మేసినయ్యి.”

“అట్నా?” ఆయన మొహం వెలిగిపోయింది, మైకు అందుకున్నారు. “విన్నారా? బంతికి మన మిర్చి అంటుకుందంట. పైదేశం జాతులన్నీ ఉమ్మేస్తే, మన ఊరకుక్క ఒక్కటే తట్టుకుని తెచ్చింది. ఇదండీ మన గడ్డ పౌరుషం.”

ఇంతకు ముందు కన్నా ఎక్కువ చప్పట్లు పడ్డాయి. ముఖ్య అతిథి తన మెడలోని శాలువా తీసి ఉలవ మీద కప్పబోయారు.

చెంచురామయ్య గారిని తిట్టాలనుకుంది జయకుమారి. తిట్లు కూడా నోటి దాకా వచ్చాయి. కానీ గోతంలో బంతులు వేసింది ఆయన మనుషులైతే, తే అని అరిచిందెవరు? మిగతా కుక్కలు తమ నోటి మంట మాట విన్నాయి, పిచ్చిది ఉలవ ఆమె మాట వింది. మూడుసార్లు అడిగింది కూడా, ఇది తేవాలా అని. మూడుసార్లూ తెమ్మంది ఆమే. పౌరుషం కాదు, పాడు కాదు. అది ఆమెను నమ్మింది, అంతే. ఆ బిరుదు ఇప్పుడు ఆమెకు పుండు మీద కారంలా ఉంది.

షఫీక్ భోజనాల దగ్గర నుంచి మజ్జిగ ప్యాకెట్లు తెచ్చి పళ్లెంలో పోశాడు. ముందే చెప్పానుగా అని అతను అని ఉంటే ఆమెకు కొంచెం తేలికయ్యేది. ఉలవ గబగబా నాకింది. దాని పెదవులు వాచి ఎర్రగా ఉన్నాయి.

అంతలో ఫోటోగ్రాఫరు వచ్చాడు. “మేడమ్, గోడకు పెట్టే ఫోటో. ఒక్కసారి బంతి నోట్లో పెట్టించండి. బంతి లేకపోతే ఫోటోలో అది ఊరికే కుక్కండి.”

బంతి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. దాన్ని చూసి ఉలవ మజ్జిగ వదిలేసి లేచింది. వాచిన నోరు తెరిచి, ఇవ్వు అన్నట్టు ముందుకు వచ్చింది. జయకుమారికి ఒళ్లు తెలియలేదు. చెంచురామయ్య గారి మీద, ఫోటో మీద, గోడ మీద, తన మీద ఉన్న కోపమంతా చేతిలోకి వచ్చి, బంతిని లారీల అవతలికి బలం కొద్దీ విసిరేసింది.

విసిరాక గానీ ఏం చేసిందో ఆమెకు తెలిసిరాలేదు. ఉలవ అప్పటికే పరుగెత్తుతోంది.

“వద్దు,” అని అరుస్తూ వెంటపడింది. “ఉలవా, వద్దే, వదిలెయ్.” పట్టు, దూకు, తే, రా అన్నీ నేర్పింది దానికి. వద్దు అన్న మాట ఇన్నేళ్లలో ఒక్కసారీ నేర్పలేదు.

ఉలవ కుంటుకుంటూ లారీ చాటు నుంచి తిరిగి వచ్చింది. బంతి పళ్ల మధ్య ఉంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. వేదిక మీదివాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఫోటోగ్రాఫరు పని కానిచ్చుకున్నాడు. ఉలవ బంతిని నేల మీద పెట్టి, ఇంకోసారి విసరమని తోక ఊపింది.