విదార్ జోడు

బోడ్వర్ జోళ్ళు కుట్టిన ప్రతిసారీ, మడమ దగ్గరా వేళ్ళ దగ్గరా కత్తిరించిన తోలు ముక్కల్ని భార్య స్టెయిన్వోర్ ఏరి, ఇంటి వెనుక లావా బండ నెర్రెలోకి విసిరేది. లోకం ముగిసేనాడు ఫెన్రిర్ అనే తోడేలు దేవతల రాజు ఓడిన్‌ను మింగుతుందనీ, ఆయన కొడుకు విదార్ దాని కింది దవడను తొక్కిపట్టి నోరు చీలుస్తాడనీ, ఆ కాలి జోడు ఈ ముక్కలతోనే తయారవుతోందనీ ఆమె నమ్మకం. అంత పెద్ద తోడేలును చూసినవారెవరని బోడ్వర్ అడిగేవాడు. అయినా ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ ఆమెను వారించలేదు.

ఆ వసంతంలో కూతురు ఆల్డిస్‌కు నొప్పులు మొదలయ్యాయనీ, బిడ్డ అడ్డం తిరిగిందనీ కబురు వచ్చింది. ఆ తీరంలో మంత్రసాని స్టెయిన్వోర్ ఒక్కతే. దారిలో గుర్రానికీ కాలు నిలవని లావా బీడు. రాళ్ళ అంచులు కత్తులే. తీరమంతటికీ జోళ్ళు కుట్టేవాడి ఇంట్లోనే ఇద్దరి జోళ్ళకూ చిల్లులు. ఉన్న తోలంతా పడవ మోకులకు పోయింది.

బోడ్వర్ నెర్రెలో చేయి పెట్టాడు. చలీ పొడిగాలీ ముక్కల్ని కుళ్ళనివ్వలేదు.

"ఏమయ్యా, మతి పోయిందా? అది దేవుడి సొమ్ము!"

"ఆయనకు కావలసింది ఆఖరి రోజున. నీ కూతురికి ఇవాళే."

"ఒక్క ముక్క తగ్గినా తోడేలు కోర ఆయన పాదంలో దిగుతుంది."

"దిగితే నా పేరు చెప్పు. ముందు కాలు ఇటు చాపు."

స్టెయిన్వోర్ బండపై అరచెయ్యి ఆనించింది. "స్వామీ, ఇవి నీవే. ఈ ఒక్కసారికి నేను తొడుక్కుని వెళ్ళొస్తా."

బోడ్వర్ ముక్కల్ని చేప పొలుసుల్లా పేర్చి ఆమె జోళ్ళకు ఏడు పొరల అడుగులు కుట్టాడు.

"విదార్‌కైనా ఇంత మందం ఉండదేమో!" అని ఆమె వెక్కిరించింది.

నాలుగో రోజున తిరిగి వచ్చింది. బిడ్డను కడుపులోనే సరిగా తిప్పగలిగింది. తల్లీ ఆడపిల్లా క్షేమం. ఏడు పొరల్లో ఆరు రాళ్ళపాలయ్యాయి. బోడ్వర్ గోరువెచ్చని నీళ్ళతో ఆమె పాదాలు కడిగాడు. ఒక్క గీరూ లేదు. ఆమె మిగిలిన పొర విప్పి, దణ్ణం పెట్టి, నెర్రెలో వేసివచ్చింది.

కొత్త తోలు రాగానే అతడు మొదట కత్తిరించినవి మనుమరాలి జోళ్ళు. గోరంత ముక్కలు తీసుకుని ఇంటి వెనుక నెర్రె దగ్గరికి వెళుతుంటే స్టెయిన్వోర్ పట్టేసింది.

"నమ్మకం లేనివాడివి, అక్కడ నీకేం పని?"

"ఆయన సంగతి నాకు తెలియదే. ఇరవై ఏళ్ళు ఒక్క ముక్కా వదలకుండా విసిరినదానివి నువ్వు. నీకు దణ్ణం పెడితే తిడతావు. అందుకే ఇక్కడ పెడుతున్నా."

బోడ్వర్ వంగి, ముక్కలు జారవిడిచాడు.