తలలు లేని ఫోటోలు

పొద్దున్నే ప్రార్థనకు కూర్చున్నప్పుడల్లా టీచరమ్మ దేవుణ్ణి ఒకే సంగతి అడిగేది. “స్వామీ, పసిపిల్లలు నేను చూపించిందే చూస్తున్నారా, లేక నా మాట కాదనలేక తలూపుతున్నారా?” ఒకటో తరగతికి చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లయినా ఆ సందేహం తీరలేదు.

ఆ ఏడు బడికి నాలుగు డిజిటల్ కెమెరాలు వచ్చాయి. హెడ్మాస్టరు వాటిని బీరువాలో పెట్టి తాళం వేయబోతుంటే, పిల్లలకిద్దామని టీచరమ్మ అడ్డం పడింది.

“పిల్లల చేతికా? గంటలో ముక్కలు ఏరుకోవాలి మనం!”

“ఒక్క వారం ఇవ్వండి సార్. శుక్రవారం ఫోటోలు మీరే చూడండి. పనికిరావంటే నేనే తాళం వేస్తాను.”

హెడ్మాస్టరు సరేనన్నాడు. ముందు తాడు మెడలో, తర్వాత రెండు చేతులూ కెమెరా మీద, ఆ తర్వాతే బటన్. మొదటి రోజంతా అంతే నేర్పింది. మర్నాటి నుంచి నలుగురేసి పిల్లల్ని “మీకు కనిపించింది తీసుకురండి” అని పంపింది.

తలుపు దగ్గర చీపురు ఆనించి ఆయమ్మ నవ్వింది. “నన్ను కూడా తియ్యమను తల్లీ. నువ్వెలాగూ తియ్యవు.”

టీచరమ్మ తల దించుకుంది. ఏటా తరగతి ఫోటో తీసేటప్పుడు పిల్లలు ఇటు చూడాలని ఆయమ్మ ఫోటోగ్రాఫర్ వెనక నిలబడి రుమాలు ఊపుతుంది. అందుకే ఏ ఫోటోలోనూ ఆమె లేదు. “వచ్చే ఏడు తప్పకుండా తీయిస్తా” అన్న మాటకు పదకొండేళ్లు నిండాయి.

కెమెరాలు నాలుగూ చెక్కుచెదరకుండా శుక్రవారానికి చేరాయి. హెడ్మాస్టరు తరగతికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. చీర కుచ్చిళ్లు, తాళాల గుత్తి, బల్ల అడుగు, ఒక బెల్టు.

“ఈ పొట్టెవరిది?”

“తమరిదేనండీ.”

“ఒక్కరికీ తల లేదు! ఇక తాళం వేసెయ్యండి.”

ఆ ఫోటోలు తీసిన బుడంకాయ పక్కనే నిలబడి ఉంది. తరగతిలో అందరికంటే పొట్టి పిల్ల, అందరూ పిలిచే పేరే అది. టీచరమ్మ ఆ పిల్ల పక్కన గొంతుక్కూర్చుని పైకి చూసింది. బెల్టు, పొట్ట. అంతే!

“సార్, ఒక్కసారి ఇలా కింద కూర్చోండి.”

ఆయన మూలుగుతూ కూర్చున్నాడు. బుడంకాయ వేలితో పిల్లల బల్ల అడుగు చూపించింది. అక్కడ ఒక మేకు తల బయటికి పొడుచుకొచ్చింది.

“పిల్లల మోకాళ్లు గీరుకుపోతున్నది దీనివల్లా?” ఆయన దాన్ని తడిమి చూసి, “ఎవరికీ కనబడలేదే!” అన్నాడు.

“కనబడింది సార్. మనమే అడగలేదు.”

చివరి ఫోటోలో మాత్రం నిండుగా ఒక ముఖం ఉంది. బుడంకాయ బూటు తాడు కడుతూ నవ్వుతున్న ఆయమ్మ.

“ఈమెకు తల ఎలా వచ్చింది?”

“ఆయమ్మ నా దగ్గరికి దిగుతుంది కదా” అంది బుడంకాయ.

హెడ్మాస్టరు బీరువా తాళంచెవి జేబులో వేసుకున్నాడు. “కెమెరాలు మీ గదిలోనే ఉంచండి. ముందు సుత్తి తెప్పించండి.”

సాయంత్రం టీచరమ్మ ఆ ఫోటో ప్రింటు తీయించి ఆయమ్మకు ఇచ్చింది.

“పదకొండేళ్లా! జుట్టు నల్లగా ఉన్నప్పుడు ఇచ్చి ఉంటే నీ సొమ్మేం పోయేది తల్లీ!” అంటూనే ఆయమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, ఫోటోను అంచులు పట్టుకుని అందుకుంది.