మా గల్లీకి ఒకే మంచి తీగ

హిమాయత్‌నగర్ ఊరి మలుపులో, చేవెళ్ల రోడ్డు అంచున, టెలిఫోన్ వాళ్ళు బీరువా అంత డబ్బా ఒకటి నిలబెట్టారు. గండిపేట వైపు నుంచి ఫైబర్ తీగ భూమి లోపలగా వచ్చి ఆ డబ్బాలో ఆగిపోతుంది. అక్కడి నుంచి ఇళ్ళకు వచ్చేవి మాత్రం పాత రాగి తీగలే, ఎప్పుడో ఫోన్ల కోసం వేసినవి. డబ్బాకు దగ్గరున్న ఇంట్లో ఇంటర్నెట్ పరుగెత్తుతుంది, దూరం పోయినకొద్దీ దానికి నీరసం వస్తుంది. మా ఇల్లు గల్లీకి చిట్టచివర. ఇదంతా నాకు ముందే తెలిస్తే ఇంటి నుంచి కంప్యూటర్లో చేసే ఉద్యోగానికి ఒప్పుకునేదాన్నో లేదో చెప్పలేను.

పదో తరగతి పరీక్షలకు నెల ముందు నాకు పెళ్ళి చేశారు. హాల్ టికెట్ కూడా తెచ్చుకోలేదు. తర్వాత మొయినాబాద్‌లో నాలుగు నెలలు టైపు నేర్చుకున్నాను, అదే అక్కరకు వచ్చింది. గండిపేటలో కొత్తగా పెట్టిన ఒక కంపెనీ ఆడవాళ్ళకు ఇంటి దగ్గరే పని ఇస్తుందంటే వెళ్ళి అడిగాను. దవాఖానల చేతిరాత చీటీలు తెర మీదికి వస్తాయి, పక్కన గళ్ళలో పేరు, వయసు, మందు టైపు చేయాలి. అర్థం తెలియకపోయినా ఫరవాలేదు, అక్షరం తప్పకూడదు. కంప్యూటర్ కూడా వాళ్ళే ఇచ్చారు. షరతు ఒక్కటే. లైను వేగం ఒక ఎంబీకి తగ్గకూడదు. ఆ కంప్యూటరే గంటకోసారి దాన్ని కొలిచి కంపెనీకి పంపుతుంది. నెలలో ఐదు రోజులు తగ్గితే ఇంటి పని రద్దు, పొద్దున ఏడింటికి వ్యానెక్కి ఆఫీసుకు పోవాలి, రావడం మళ్ళీ చీకటి పడ్డాకే.

ఆ వ్యాను ఎక్కలేను నేను. మా హర్షితకు రెండున్నరేళ్ళు. జ్వరం వస్తే ఫిట్స్ వస్తాయి. మొదటిసారి వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను, బియ్యానికి పోయాను. మా అత్త జంగమ్మ పిల్ల పిడికిట్లో ఇనుప తాళాలు పెట్టి, నోట్లో నీళ్ళు పోసింది. నీళ్ళు ఊపిరి గొట్టంలోకి పోయాయి. మూడు రోజులు చేవెళ్ల దవాఖానలో ఉన్నాం. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో చుక్క పోయొద్దు అని డాక్టరు చెప్పాడు. అత్తకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆమె ఐదుగురిని అట్లాగే పెంచానంటుంది. మంచి మనిషే, పిల్ల అంటే ప్రాణం. అదే నాకు భయం. మా ఆయన గోవర్ధన్ కనకమామిడిలో ఒక ఫాంహౌస్‌లో తోటపని చేస్తాడు, పగలంతా ఉండడు.

పని మొదలైన పన్నెండు రోజుల్లోనే నాలుగు రోజులు లైను తప్పింది. ఇంకొక్కటి తప్పితే వ్యానే. కుర్మయ్య తాతను పిలుచుకొచ్చాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ చుట్టుపక్కల ఊళ్ళకు లైన్‌మన్ ఆయనే. స్తంభం ఎక్కి, భుజాన వేలాడే పాత ఫోనును ఒక్కొక్క తీగకు తగిలించి, కళ్ళు మూసుకుని విన్నాడు. చాలాసేపు విన్నాడు. దిగి, మెట్టు మీద కూర్చుని, నీళ్ళు తాగి, అప్పుడు చెప్పాడు. ఒక్కో ఇంటికి రెండు తీగల జోడి ఉంటుందట. మా గల్లీ కేబుల్లో అట్లాంటివి పది. ఆరింట్లోకి నీళ్ళు దిగి చచ్చిపోయాయి. మూడు గరగరమంటున్నాయి, నాది వాటిలో ఒకటి.

"ఒక్కటే శుభ్రంగున్నది బిడ్డ. అది అరుణమ్మ దుకాణంది. ఆమెకు మాటలే గద, జర గరగర ఉన్నా నడుస్తది. నెట్టుకు నడ్వది."

నా దిక్కు చూశాడు. నేను వద్దనలేదు, మార్చమని కూడా అనలేదు. గ్లాసు తీసుకుని లోపలికి పోయాను. బయటికి వచ్చేసరికి ఆయన మళ్ళీ స్తంభం మీద ఉన్నాడు, ఆమె జోడి నాకు, నాది ఆమెకు కలుపుతూ.

ఆ రోజు నుంచి లైను ఒక్కసారి కూడా పడలేదు. చీటీలు చకచకా వచ్చాయి. హర్షిత నా పక్కనే చాప మీద ఆడుకునేది, పడుకునేది. వారం రోజులు అట్లా గడిచాయి.

అరుణాదేవి అక్కది గల్లీ నడిమధ్యన కిరాణా దుకాణం. మూడు తరాల నుంచి ఇక్కడే ఉన్న కోమటి ఇల్లు. ఆమె, ఆమె భర్త బాలకిషన్ నడుపుతారు. వాళ్ళ బేరంలో సగానికి పైగా కనకమామిడి ఫాంహౌస్‌ల నుంచి వస్తుంది. అక్కడి కాపలావాళ్ళు ఫోను చేసి బియ్యం, నూనె, పప్పు చెబుతారు, బాలకిషన్ బావ మోపెడ్ మీద వేసుకుపోతాడు. సెల్‌ఫోను ఉంది కానీ ఆ నంబరు ఎవరికీ తెలియదు. ఆ దుకాణం ఫోను నంబరే పదిహేనేళ్ళుగా ఆ ఫాంహౌస్‌ల గోడల మీద బొగ్గుతో రాసి ఉంది.

తర్వాత రెండు రోజులు ముసురు పట్టింది. ఆమె ఫోను పూర్తిగా మూగబోయింది.

ఉప్పు కోసం పోతే ఆమె ఆ ఫోను గురించే చెప్పింది. వారం రోజులు గరగర, ఇప్పుడు అదీ లేదట. కుర్మయ్యను అడిగితే కేబుల్ పాతబడిందంటున్నాడట. ఎవరూ ఆర్డరు చెప్పడం లేదని, ఉల్లిగడ్డ మొలకలొస్తోందని వాపోయింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. కంప్యూటర్లో ఫిర్యాదు రాస్తే పైవాళ్ళు వింటారట కదా, నీ దగ్గర ఉంది కదా, జర రాసిపెట్టు అంది. ఉప్పు పొట్లం డబ్బులు కూడా తీసుకోలేదు.

ఇంటికి వచ్చి రాశాను. ఆమె పేరు, నంబరు, ఎప్పటి నుంచి చెడిందో అన్నీ. ఆమె తీగ మీదనే ఆ ఫిర్యాదు పోయింది. క్షణంలో పోయింది.

మూడో రోజు కుర్మయ్య తాత వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. ఫిర్యాదు చూసి గురువారం చిన్న ఆఫీసరు వస్తున్నాడట, స్తంభం మీది డబ్బా తెరిచి ఏ జోడి ఎవరిదో పుస్తకంతో సరిచూస్తాడట. ఎవరూ చెప్పకుండా మార్చినట్టు తేలితే తాతకు కష్టమే. ఆయనకు రిటైర్మెంట్ ఇంకా నాలుగు నెలలు. బుధవారం పొద్దున్నే పాతట్లాగే కలిపేస్తానని చెప్పి పోయాడు.

అంటే బుధవారం నుంచి నాది మళ్ళీ ఆ పాడైన తీగే. ఐదో రోజు తప్పడం ఖాయం. ఆ సాయంత్రం అత్తను కూర్చోబెట్టి మళ్ళీ చూపించాను, పిల్లను ఎట్లా పక్కకు తిప్పాలో. ఆమె శ్రద్ధగా చూసింది. చూసి, నీళ్ళు లేకపోతే నాలుక ఎండిపోదా అని అడిగింది.

మంగళవారం హర్షితను చంకనేసుకుని దుకాణానికి పోయాను. ఎందుకు పోతున్నానో నాకే సరిగ్గా తెలియదు. బుధవారం అంతా దానంతటదే సరైపోయేది, ఆమెకు ఏమీ తెలిసేది కాదు. కానీ ఆ రాసిన ఫిర్యాదు నా లోపల అరగకుండా ఉండిపోయింది.

అక్క కందిపప్పు తూస్తోంది.

"అక్క, నీ ఫోను కుర్మయ్య తాతతోని నేనే గుంజుకున్న."

ఆమె తక్కెడ దించలేదు. ఎట్లా అని అడిగింది. జోడీల సంగతి, కంపెనీ కొలత, వ్యాను, హర్షిత ఫిట్స్, అత్త పోసిన నీళ్ళు, అన్నీ ముందువి వెనక, వెనకవి ముందు చెప్పాను. పప్పు పొట్లం కట్టి, దారం తెంపి, అప్పుడు భర్త దిక్కు తిరిగింది.

"విన్నవా? ఫోను ఎత్కపోయినామెనే నాకు కంప్లైంటు రాసిచ్చింది. ఒక్క తప్పు లేకుంట రాసింది గూడ."

బాలకిషన్ బావ నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాడు. నేను అక్కడే నిలబడ్డాను. హర్షిత బెల్లం గంపలో చెయ్యి పెట్టింది, తీసేశాను. అప్పుడు ఆమె నా దిక్కు తిరిగింది.

"‘అక్క, గిట్ల పరేషాన్ల ఉన్న’ అని ఒక్క మాట చెప్తే నిన్ను తింటుంటినా? చెప్పకుంట చేసినవ్. గదే నాకు మండుతున్నది."

ఆమె బావను పంపి కుర్మయ్య తాతను పిలిపించింది. తాత వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. ఆమె ఆయనను తిట్టలేదు.

"ఒక్క జోడి మీద ఫోను, నెట్టు రెండూ నడుస్తయా?"

"నడుస్తయమ్మ. చిన్న డబ్బీ తగిలిస్తే మాటలు ఒక దిక్కు పోతయి, నెట్టు ఒక దిక్కు పోతది. దుకాణం డబ్బాకు దగ్గర గూడ, ఇంకా మంచిగొస్తది."

"మరి నా జోడి నా దుకాణంల పెట్టు. ఈమె వచ్చి ఈడ కూసుంటది. పిల్లను గూడ తెచ్చుకుంటది."

నన్ను అడగలేదు. షరతులు కూడా తాత మొహం చూసే చెప్పింది. బోణీ కాకముందు లోపలికి అడుగుపెట్టొద్దు. ఆమె బేరంలో ఉంటే ఫోను ఎత్తడం నా పని. నూనె డబ్బాల మీద కాగితాలు పెట్టొద్దు. గురువారం వచ్చిన ఆఫీసరు పుస్తకం చూసుకుని, అన్నీ సరిగ్గా ఉన్నాయని రాసుకుని, ఒక సోడా తాగి పోయాడట.

బుధ, గురువారాలు సెలవు పెట్టి కంప్యూటర్ తెరవలేదు. శుక్రవారం నుంచి దుకాణం వెనక గదిలో కూర్చుంటున్నాను. బియ్యం బస్తాల మధ్య బల్ల, బల్ల మీద కంప్యూటర్. కిరోసిన్ వాసనకు మధ్యాహ్నానికల్లా తల నొస్తుంది. అక్క నాతో మాట్లాడదు. హర్షితతో మాట్లాడుతుంది. అన్నం తిన్నవా అని, ఒళ్ళు వెచ్చగుందేం అని, పిల్లనే అడుగుతుంది. ఆ రెండో మాట వినగానే నేను లేచి వచ్చి ముట్టి చూస్తాను. చాలాసార్లు ఏమీ ఉండదు.

కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోను చేసి చిరునామా ఎందుకు మారిందని అడిగింది. చుట్టాల ఇంట్లో ఉంటున్నానని చెప్పాను. ఫొటో పంపమంది. పంపాను. ఒప్పుకుంటారో లేదో ఇంకా చెప్పలేదు.

సోమవారం పొద్దున దుకాణం ఫోను మోగింది. అక్క బయట బేరంలో ఉంది. ఎత్తాను. కనకమామిడి నుంచి కాపలా మనిషి బిక్షం. నన్ను దుకాణం మనిషే అనుకున్నాడు. పోయిన వారమంత ఫోనే ఎత్తకపోతిరి, మా సారు నన్ను నిలబెట్టి కడిగిండు, చేవెళ్ల దాకా సైకిల్ తొక్కి తెచ్చిన అని మొదలుపెట్టాడు. ఆపలేదు. నేను కూడా ఆపలేదు. అంతా అయ్యాక, ఇకనుంచి ఎత్తుతం అన్న, ఏం గావాలె చెప్పు అన్నాను. పెన్ను కోసం వెతికి, బస్తా మీది చీటీ వెనక రాసుకున్నాను.

పెట్టేసి తిరిగితే అక్క తలుపు దగ్గర ఉంది.

"ఏమంటుండు?"

"తిట్టిండు."

"తిట్టనీ. ఏం గావాల్నంట?"

పాతిక కిలోల బియ్యం, మూడు నూనె ప్యాకెట్లు, కిలో ఉల్లిగడ్డ, అని చదివాను. ఆమె బియ్యం బస్తా మీద నిద్రపోతున్న హర్షితను కొంచెం జరిపి, కింది బస్తా చూసి, పిల్ల లేస్తది, పక్కది తీసుకోమని బావకు కేకేసింది.